నోరు కట్టేసుకుని ఊలు అల్లిన ఆరు వారాలు

కరోనాకు ముందటి చలికాలంలో ఆరు వారాల పాటు నేను నోరు విప్పలేదు. నన్ను సభల్లో చూసినవాళ్లు ఈ మాట నమ్మరు. మా గల్లీ చివర చాయ్ బండి నడిపే అతనైతే, అన్నకు ఏదో పూనిందని అప్పట్లో అనుకున్నాడట. నాకేమీ పూనలేదు. అమీర్‌పేటలో మా రెండో అంతస్తు ఇంట్లో, బాల్కనీ తలుపు పక్కన నవారు మంచం మీద కూర్చుని, రెండు సూదులతో ఊలు అల్లుతూ ఉండిపోయాను. గడిచిపోయినదాన్ని తలుచుకుని నిట్టూర్చే అలవాటు నాకు మొదటినుంచీ గిట్టదు. అయినా ఆ ఆరు వారాలు గుర్తొస్తే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంటాను.

నేను సిరిసిల్లలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. నగరానికి వచ్చి సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బడి గంటలు పోగా మిగిలిన సాయంత్రాలు, ఆదివారాలు అన్నీ వాదాలకు పోయాయి. జాతకం, తాయెత్తు, వాస్తు, శకునం, కులం, బాబాల మహిమలు, వీటి మీద ఎక్కడ చర్చ పెట్టినా నన్ను పిలిచేవారు. పిలవకపోయినా వెళ్లేవాణ్ని. మైకు పాడైతే లోలోపల సంతోషపడేవాణ్ని. చివరి బెంచీ దాకా వినబడే గొంతు నాది. దాని మీద నాకు గర్వం ఉండేది. హేతువాదికి గర్వం ఉండకూడదని ఎక్కడా రాసి లేదు కదా.

ఆ ఏడు దసరా తర్వాత ఆ గొంతు గీరుకుపోవడం మొదలైంది. మిరియాల పాలు, తేనె, అల్లం అన్నీ అయ్యాక పంజాగుట్టలో ఒక గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె సన్నటి గొట్టం లోపలికి పంపి చూసి చిన్న బుడిపె ఉందన్నది. కోసి తీసేసింది. చెడ్డ జబ్బేమీ కాదని పరీక్షలో తేలింది. ఆ తర్వాత చెప్పిందే కష్టమైన మాట.

"మూడు వారాలు ఒక్క మాట కూడా వద్దు. గుసగుస అసలే వద్దు, అది ఇంకా చెడ్డది. తర్వాత చూసి చెప్తాను."

గొంతు మునుపటిలాగే వస్తుందా అని కాగితం మీద రాసి చూపించాను.

"నోరు మూసుకుంటే వస్తుంది," అన్నదామె. వేళాకోళానికి అనలేదు. నా పక్కన కూర్చున్న నా భార్య మాత్రం మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు అది నవ్వే సంగతి కాదు. జనవరి చివరి ఆదివారం లక్డీకాపూల్‌లో ఒక హాలులో పెద్ద చర్చ పెట్టారు. విషయం, మొక్కులు ఫలిస్తాయా అన్నది. ఫలిస్తాయని వాదించడానికి ప్రవచనాల్లో పేరున్న ఒకాయన ఒప్పుకున్నాడు. ఫలించవని నేను. అలాంటి మనిషి మాలాంటి వాళ్ల వేదిక ఎక్కడం ఎప్పుడో గానీ జరగదు. ఆనాటికి గొంతు రాకపోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అసలే రాకపోతే ఇక ఏ కుర్చీలోనూ నేను ఉండను. గొంతు పోయాక మిగిలే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలియదు. అతన్ని నేనెప్పుడూ కలవలేదు.

మొదటి నాలుగు రోజులూ నరకం. ఆ మాట వాడినందుకు మిత్రులు క్షమించాలి, నాకు నరకం మీద నమ్మకం లేదు. నోరు మూస్తే లోపల వాదం ఆగుతుందనుకున్నాను. అది రెట్టింపైంది. పొద్దున పేపరులో రాశిఫలాలు చూడగానే ఖండన మొదలు. పక్కింటి టీవీలో ఎవరో వాస్తు చెబుతుంటే గోడ ఇవతల నుంచి జవాబు. స్నానం చేస్తూ ఒక వాదం, అన్నం కలుపుతూ ఇంకొకటి. మాట బయటికి రాకపోయినా గొంతులో కండరాలు కదులుతూనే ఉన్నాయి. అది నా భార్య కనిపెట్టింది.

"పెదవులు ఆడుతున్నయ్. ఎవల్తోని కొట్లాడుతున్నవ్?"

పేపరు చూపించాను.

"గా పేపరోనికి నీ సంగతే తెల్వది, పాపం," అని లోపలికి వెళ్లి, రెండు సూదులూ ఒక బూడిదరంగు ఊలు ఉండా తెచ్చి నా ఒళ్లో పడేసింది. "చేతులకు పని చెప్పు. నోరు దానంతటదే ఊకుంటది."

ఆమెకు పెళ్లయిన కొత్తలో పక్క వాటాలో ఉన్న పంజాబీ ఆమె అల్లడం నేర్పింది. ఏటా చలికాలం చెల్లెళ్ల పిల్లలకు ఏదో ఒకటి అల్లేది. నేనెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు. మాట్లాడే అవసరానికి పిల్లలు రాసుకునే పలక ఒకటి కొనుక్కున్నాను. దాని మీద బలపంతో "నాకు రాదు" అని రాశాను.

"మగ్గం ఇంట్ల పుట్టినవ్. పోగు పట్టరాదా?"

మా ఇంట్లో మగ్గం గుంటలో కూర్చున్నది నాయన. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది అవ్వ, అంటే మా అమ్మ. బట్ట నేసేది మగవాడే అయిన ఊళ్లో పుట్టి, మగవాడు ఊలు అల్లితే నవ్వే నగరంలో బతుకుతున్నాను. ఏ పని ఎవరిదని ఎవరు తేల్చారన్న విషయం మీద ఒకసారి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఇంటికొచ్చి సూది మాత్రం ముట్టలేదు.

ఇందులో ఉన్నవి రెండే కుట్లు. సీదా, ఉల్టా. సూది దూర్చాలి, ఊలు చుట్టాలి, ఇవతలికి లాగాలి, పాత కుట్టును వదిలేయాలి. నలభై కుట్ల మొదటి వరస అల్లడానికి నాకు అరగంట పట్టింది. రెండో వరస చివరికొచ్చేసరికి ముప్పై ఏడే ఉన్నాయి. విప్పి మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారి లెక్క సరిపోయినప్పుడు ఒక సంగతి గమనించాను. ఆ గంటలో పక్కింటి టీవీ నాకు వినబడలేదు.

దీనికి ఎవరూ మహిమ అంటగట్టవద్దు. ఊలు అల్లితే ఆత్మ మేల్కొంటుందని, ప్రాణశక్తి వెన్నులోంచి పైకి పాకుతుందని రేపెవరైనా తరగతులు పెట్టి ఫీజు తీసుకుంటే వాళ్లతో తగాదా పడేవాళ్లలో నేనే ముందుంటాను. జరిగింది చాలా చిన్న విషయం. మనసు ఇరవై మూడు, ఇరవై నాలుగు అని లెక్కపెడుతూ అదే సమయంలో వాస్తు పండితుణ్ని ఖండించజాలదు. రెండింట్లో ఒకటి జారిపోవాలి. లెక్క జారితే మళ్లీ విప్పాలి కాబట్టి పండితుణ్నే వదిలేశాను.

వారం తిరిగేసరికి జానెడు మఫ్లరు తయారైంది. దాన్ని నేల మీద నిలబెడితే నిలబడింది.

తప్పు నా చేతిది. నేతవాడి చేయి పోగును చూస్తే బిగించి లాగుతుంది. చిన్నప్పుడు మగ్గం పక్కన నిలబడి నేర్చుకున్నది అదే, పోగుకు పోగు ఆనేలా కొట్టాలి, సందు కనబడకూడదు. సందు కనబడితే నూలిచ్చిన సావుకారి బట్ట తిప్పి పంపేవాడు. యాభై ఏళ్ల కింద వదిలేసిన ఊరు నా వేళ్లలో అలాగే ఉంది. ప్రతి కుట్టునూ కసిగా బిగించాను. ఆఖరికి కొత్త వరసకు సూది దూరడం లేదు.

మా అవ్వకు అది తెగ నచ్చింది. ఎనభై దాటిన మనిషి, గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండేది. మఫ్లరును రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూసింది.

"గట్టిగున్నది. బట్టంటే గట్లుండాలె."

"అత్తమ్మా, గిది మెడకు సుట్టుకునేదా, తలుపుకు అడ్డం పెట్టేదా?" అన్నది నా భార్య.

"వదులు నేస్తే సావుకారి మొఖాన కొడుతుండె."

"గీడ సావుకారి ఎవలున్నరు? నేనే గద."

"అయితే నువ్వే కొట్టు. వాని నోట్లకెల్లి మాట సుత రాదు ఇప్పుడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పలక అందుకున్నాను గానీ, ఇలాంటి తగువు పలక మీద తేలేది కాదు. రుజువు కావాలి. అదే ఊలుతో, అన్నే కుట్లతో రెండు పట్టీలు అల్లాను. ఒకటి నా పద్ధతిలో బిగువుగా, ఒకటి నా భార్య చెప్పినట్టు వదులుగా. రెండో పట్టీ అల్లడానికి మొదటిదానికంటే ఎక్కువ కష్టపడ్డాను. వేలు వదులు చేస్తే మణికట్టు బిగుసుకుంటుంది, మణికట్టు వదిలితే భుజం. భుజం కిందికి దించి గాలి వదిలితే గానీ ఊలు వదులుగా జారలేదు. అవి పూర్తయ్యాక పొద్దున అవ్వ ఎడమ మోకాలికి బిగువుది, కుడి మోకాలికి వదులుది తొడిగి, బాల్కనీ తలుపు దగ్గర గంటసేపు కూర్చోబెట్టాను. ఏది వెచ్చగా ఉందో చెప్పమని నా భార్య అడిగింది.

"కుడిది వెచ్చగున్నది. గని నా కుడి మోకాలు ముందుసంది వెచ్చనే."

పట్టీలు మార్చి తొడిగాను. ఇంకో గంట గడిచింది.

"ఇప్పుడు ఎడమది వెచ్చగున్నది. ఎండ గిటు తిరిగింది గద."

నలభై ఏళ్ల సభల్లో ఇంత సాఫీగా జారిపోయిన ప్రత్యర్థిని నేను చూడలేదు. మూడోసారి, ఎండ పోయాక పరీక్ష పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. వదులు పట్టీలే జత కావాలని మాత్రం మరునాడు నా భార్య చెవిలో చెప్పిందట.

అల్లుతూ కూర్చున్న మనిషిని ఇంట్లో ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. అది నాకు దొరికిన వరం. నా ఎదురుగానే నా గురించి మాట్లాడుకునేవారు. పేపరును నా భార్య అవ్వకు చదివి వినిపించేది. మంత్రుల మాటలు చదివేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో గొంతు పెట్టేది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు ఈ విద్య ఉందని నాకు తెలియదు. ఎప్పుడు తెలుస్తుంది? నేను ఇంట్లో ఉన్న కాసేపూ నేనే మాట్లాడాను.

పొద్దున తొమ్మిదింటికి కింద కోచింగ్ సెంటర్ల పిల్లలు కరపత్రాలు తొక్కుకుంటూ పోతున్న చప్పుడు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి గుంపులుగా వచ్చి, చాయ్ బండి దగ్గర ఆగి, ఇంటర్వ్యూలో ఏమడిగారో ఒకరికొకరు అప్పజెప్పుకునేవారు. గాలి ఇటు వీస్తే మెట్రో స్టేషన్‌లో తలుపుల గురించి చెప్పే ఆడగొంతు మా వంటింటి దాకా వచ్చేది. పదకొండింటికి కుక్కర్. మూడో కూతకు నా భార్య ఎక్కడున్నా లేచేది. మధ్యాహ్నం ఎండ మంచం కోళ్ల దాకా వచ్చి, అవ్వ చాప అంచు తాకి, వెనక్కి మళ్లేది. ఆ ఇంట్లో అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. ఎండ ఎటు నుంచి వస్తుందో చూడటం అదే మొదటిసారి.

మూడో వారంలో ఒక మంగళవారం అవ్వ, నా భార్య బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లి వచ్చారు. నా భార్యకు దేవుడు లేడు. పెద్దామెను ఒంటరిగా పంపడం ఇష్టంలేక తోడు వెళ్లేది, గుడి బయట చెప్పుల దగ్గర నిలబడేది. ఆ రోజు చెప్పులు విప్పుతూనే చెప్పింది.

"అత్తమ్మ ఎల్లమ్మకు మొక్కింది. నీ గురించే. అనుకున్నది అయితే చీర, పసుపు పెట్టి అమ్మవారికి ఒడిబియ్యం పోస్తదట."

నా నెత్తి మీద ఎవరో నిప్పు పెట్టినట్టైంది. మొక్కుల మీద మాట్లాడబోయే మనిషి గొంతు కోసం వాళ్లింట్లోనే మొక్కు. రేపు గొంతు వస్తే లెక్క ఎవరి ఖాతాలోకి పోతుంది? పలక తీసి, బలపం విరిగేలా రాశాను. "బుడిపె కోసింది డాక్టరు. మందు రాసింది డాక్టరు. నోరు మూసుకున్నది నేను. మధ్యలో ఎల్లమ్మ చేసిన పని ఏమిటో అవ్వను చెప్పమను." కింద రెండు గీతలు గీసి, అవ్వకు చదివి వినిపించమని నా భార్యకు ఇచ్చాను.

ఆమె పలక వైపు నిదానంగా చూసింది.

"అత్తమ్మా, చలిల అంత దూరం నడువకు, ఆటోల పొమ్మంటుండు."

పలక మీద వేలితో కొట్టాను.

"ఇంకేదో అంటుండు గద?" అన్నది అవ్వ.

"మోకాళ్లకు పట్టీలు ఏస్కొని పొమ్మంటుండు."

అవ్వ నా వైపు చూసి, తల మీద చెయ్యి పెట్టింది. "నోట మాట లేకున్నా నా కొడుకుకు నా ఫికరే," అన్నది. నా జీవితంలో అంత బలమైన వాదం అంత ఘోరంగా చచ్చిపోవడం ఇంకెప్పుడూ జరగలేదు.

అవ్వ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి నా భార్య ముందు పలక ఊపాను. ఆమె గిన్నెలు కడగడం ఆపలేదు.

"మీ అవ్వకు చదువొస్తే ఆమెనే చదువుకునేది. నన్నెందుకు అడుగుతున్నవ్?"

బస్తీల్లో సాయంత్రం బడులు పెట్టి ఎందరో ఆడవాళ్లతో అక్షరాలు దిద్దించాను. చదువు లేని తల్లి ఉన్న ఇల్లు సిగ్గుపడాలని చెప్పాను. అవ్వను ఒకసారి అడిగితే "నాకెందుకు బిడ్డా" అన్నది. ఎవరు ఏమన్నా ఒప్పుకోని నేను ఆ ఒక్కమాట మాత్రం నిమిషంలో ఒప్పుకున్నాను. నాకు తీరిక లేదు, అందుకని.

మరునాడు ఆమె చాప పక్కన నేల మీద కూర్చుని, ఊలు ముక్కతో 'అ' అక్షరం పరిచాను. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఊలుకు బాగా ఒదుగుతాయి. అవ్వ దాన్ని వేలితో చుట్టూ తడిమింది. మాట లేని పంతులు, పలకలేని పాఠం. నేను చూపిస్తే నా భార్య వంటింట్లోంచి అరిచి చెప్పేది. అవ్వ ఐదారు అక్షరాలు గుర్తుపట్టింది. ఏడో దానికి "ఇంక సాలు తియ్యి, ఊలు ఖరాబైతది" అన్నది. ఆ పని నేను ముప్పై ఏళ్లు ఆలస్యంగా మొదలుపెట్టాను. అది ఎవరి తప్పో నాకు తెలుసు.

డాక్టరమ్మ మళ్లీ చూసి, ఇంకో మూడు వారాలన్నది. సభ పెట్టిన మిత్రుడు ఫోనులో సందేశాలు పంపుతూనే ఉన్నాడు. "అన్నా, గొంతు ఎట్లుంది? పోస్టర్లు అచ్చయినయ్." ఇక నా బుర్ర ఊరుకోలేదు. ఉపన్యాసం తయారు చేయడం మొదలుపెట్టాను. దానికి ప్రాణం అవ్వ మొక్కే. 'నా తల్లి నా గొంతు కోసం మొక్కుకుంది. గొంతు వచ్చింది. తెచ్చింది కత్తి, మందు, మౌనం. ఇదిగో, నేనే సాక్ష్యం.' ఇంతకంటే పదునైన మొదలు ఎవరికి దొరుకుతుంది? రోజుకో వాక్యం చెక్కాను.

అప్పటికి అవ్వ కోసం చేతులు లేని స్వెట్టరు మొదలుపెట్టి ఉన్నాను. ఒక సాయంత్రం నా భార్య దాన్ని వెలుగుకు పట్టి చూసింది. వీపు భాగంలో మెత్తగా సాగుతున్న వరసల మధ్య ఒక నాలుగు వేళ్ల వెడల్పున గట్టి పట్టా ఉంది. కొంచెం పైన ఇంకొకటి.

"గీడ ఎవల్తోనో కొట్లాడినవ్," అన్నది. "గీడ కూడ. గీడ జర ఎక్కువనే కొట్లాడినవ్."

ఉపన్యాసం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఊలులో అచ్చు పడింది. విప్పనా అని సైగ చేశాను. వద్దన్నది. ఆ తర్వాత నేను వాక్యాలు పొద్దున పూట మాత్రమే చెక్కి, సాయంత్రం ఊరికే అల్లాను. సాయంత్రం వరసలు మెత్తగా వచ్చాయి. మా ముగ్గురికీ అదొక అలవాటైంది. చిక్కుడుకాయలు, పేపరు, సూదుల చప్పుడు, ఐదింటికి చాయ్. అవ్వ తన చాయ్ సగం సాసర్లో పోసి నా వైపు జరిపేది, నాకు విడిగా గ్లాసు ఉన్నా సరే.

జనవరి మూడో వారంలో డాక్టరమ్మ 'అ' అనమన్నది. అన్నాను. వచ్చిన శబ్దం నాది కాదు. ఎవరో ముసలివాడు పక్క గదిలో పిలుస్తున్నట్టుంది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంకొంచెం తేరుకుంటుంది. పాత గొంతు పూర్తిగా రాదు. మైకు పెట్టుకుని పావుగంట మాట్లాడొచ్చు. అరిస్తే మళ్లీ మొదటికొస్తుంది."

ఇంటికొచ్చే దారంతా ఆటోలో అదే లెక్క. పావుగంట. సరే, పదునైన మొదలు ఉంది కదా, పావుగంట చాలు అనుకున్నాను. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అవ్వ పక్కన కూర్చున్నాను.

"అవ్వా."

ఒలుస్తున్న కాయ ఆపి నా ముఖం చూసింది. "వచ్చిందా. మీ నాయన గొంతు తీర్గ ఉన్నది. ఆయన సుత గిట్లనే మెల్లగ మాట్లాడుతుండె."

"అవ్వా, గొంతు తెచ్చింది డాక్టరు. ఎల్లమ్మ కాదు."

"నేనెప్పుడన్న, ఎల్లమ్మ అని?"

"మొక్కినవ్ గద, గొంతు రావాలని."

"గొంతుకు ఎవలు మొక్కిన్రు?" అన్నది అవ్వ, నిజంగానే ఆశ్చర్యపోయి. "గొంతుకు డాక్టరమ్మ ఉన్నది గద. కోసుడు, కుట్టుడు ఎల్లమ్మకేం తెల్సు? పొద్దుగూకంగ నువ్వు ఇంట్ల ఉండాలె, నాలుగు దినాలు నా కండ్ల ముంగట కూసోవాలె అని మొక్కిన. కూసున్నవ్. వచ్చే మంగళారం ఒడిబియ్యం పోసి వస్త."

వాదంలో మొట్టమొదట నేర్పేది పూర్వపక్షం. అవతలివాడు ఏమంటున్నాడో అతనికంటే బాగా చెప్పగలగాలి, ఆ తర్వాతే ఖండించాలి. కుర్రవాళ్లకు ఈ మాట వందసార్లు చెప్పాను. మూడు వారాలు నేను ఖండించింది మా అవ్వ అననే అనని మాట. ఏం కోరి మొక్కిందని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. పలక మీద ఆ ఒక్క ప్రశ్న రాయడానికి చోటు ఉండింది.

"దానికి ఎల్లమ్మ ఎందుకు అవ్వా? నన్నడిగితే అయిపోతుండె గద."

"అడిగిన. మీటింగు ఉన్నది అన్నవ్."

"ఎప్పుడు?"

"మీ నాయన పోయిన సంది అడుగుతున్న."

నాయన పోయి పదకొండేళ్లు. నేను తలెత్తేసరికి నా భార్య వంటింటి గడప మీద నిలబడి ఉంది, చేతిలో తడి గుడ్డతో.

"నేను సుత అడిగిన," అన్నది. "మొక్కుదామంటే నాకు ఎల్లమ్మ సుత లేకపాయె."

ఆమె మా ఇంటికి వచ్చేటప్పుడు గుళ్లకు వెళ్లే పిల్ల. పెళ్లయిన మొదటి రెండేళ్లలో, రోజుకు కాస్త చొప్పున, తిరుగులేని తర్కంతో ఆమె దేవుళ్లందరినీ నేనే ఖాళీ చేయించాను. ఆ పనికి నేను ఇప్పటికీ సిగ్గుపడను. అక్కడ లేనివాళ్లను లేరని చెప్పాను. ఆమె ఇన్నాళ్లూ చెప్పుకోవాలనుకున్నవి వినడానికి ఉన్నవాణ్ని నేనొక్కణ్నే, ఆ ఒక్కడు ఇంట్లో లేడు. అందుకు సిగ్గుపడ్డాను. ఆ సాయంత్రం సూదులు పట్టుకోలేదు. ఆమె చెప్పదలుచుకున్నవి ఒక్కొక్కటే చెప్పింది. ఇక్కడ రాయను. విన్నాను.

లక్డీకాపూల్ వెళ్లలేదని రాస్తే కథ అందంగా ఉంటుంది గానీ అబద్ధమవుతుంది. వెళ్లాను. హాలు నిండింది. మైకు పట్టుకుని ఇలా మొదలుపెట్టాను. ఒక తల్లి తన కొడుకు ఇంటిపట్టున ఉండాలని మొక్కుకుంది, కొడుకు ఆరు వారాలు ఉన్నాడు, మొక్కు ఫలించిందా? ఎదుటి కుర్చీలో ఆయన చిరునవ్వు నవ్వాడు. తన పని నేనే చేస్తున్నానని ఆయన అనుకున్నాడు. ఫలించలేదన్నాను. అతన్ని కూర్చోబెట్టింది గొంతులో కోత. కానీ మొక్కులో ఉన్న ఫిర్యాదు నిజం. గుడి ముందు వరస కట్టిన మొక్కుల్లో సగం, ఇంట్లోవాళ్లు వినని మాటలు. వినే చెవి లేనిచోట రాయి చెవి అవుతుంది. రాయికి చెప్పుకోవద్దని జనానికి బోధించే మనం ముందు మన ఇళ్లలో కూర్చుని వినడం నేర్చుకోవాలి. వినకుండా దేవుణ్ని మాత్రం లాక్కుంటే అది సంస్కరణ కాదు, దోపిడీ.

వెనక బెంచీల నుంచి "వినబడ్తలేదు" అన్నారు. గొంతు పెంచలేకపోయాను. పావుగంట కాగానే దిగిపోయాను. బయటికొచ్చాక మిత్రుడు నా భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, జర మెత్తబడ్డవ్."

"మెత్తబడలేదు. గొంతు అంతే ఉన్నది."

చర్చ ఇంకా సాగుతుండగానే ఆటో ఎక్కాను. పొద్దు గూకకముందే ఇల్లు చేరాను. అవ్వ స్వెట్టరు వేసుకుని కూర్చుని ఉంది, వీపు మీద ఆ గట్టి పట్టాలతో.

"గెలిసినవా?"

"తెల్వది. వెనకోళ్లకు వినబడలేదు."

"మల్ల పోతవా?"

"నెలకొక్కసారి పోత."

అవ్వ కాసేపు లెక్క వేసుకుంది. "నెలకొక్కసారైతే ఎల్లమ్మ సుత ఏమనది," అని, చాప మీద నాకు చోటిచ్చి జరిగింది.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్లు ఉంది. నెలకొక ఆదివారం తప్ప పొద్దుగూకే వేళ నేను ఆ చాప పక్కనే ఉన్నాను. నేను ఇంట్లో ఉంటున్నది మొక్కు వల్లేనని అవ్వ, నా ఇష్టం వల్లేనని నేను. నా భార్య ఇద్దరి మాటా వినేది, ఏ పక్షమూ తీసుకునేది కాదు. ఊలు అల్లుకుంటూ ఈ వాదం నాలుగేళ్లు చేశాం, గొంతు ఒక్కసారి కూడా పెంచకుండా. అవ్వ ఏటా ఒడిబియ్యం పోసి వచ్చేది, నేను ఏటా వద్దనేవాణ్ని. ఆమె పోయేనాటికి అది తేలలేదు.